నెల్లూరు చేపల పులుసు కథ: గోడ బొమ్మా, తోటా?

నెల్లూరు చేపల పులుసులో మామిడి మనది. చింతపండు పుట్టిల్లు ఆఫ్రికా. మిరప, టమాటా అమెరికా ఖండాలవి. మిరపను 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు తెచ్చారు. ఈ వలసనంతా ఊళ్లో కళగా చూపించాలంటే గోడ మీద బొమ్మ వేయొచ్చు, లేదా ఆ మొక్కలతోనే తోట పెంచొచ్చు.

బొమ్మ త్వరగా అవుతుంది, బస్సులో పోయేవాళ్లకూ కనిపిస్తుంది. ఓడలు, దారులు ఒకే చూపులో అందుతాయి.

తోటకు రోజూ మనిషి కావాలి, మన ఎండలకు మరీను. అయినా నా ఓటు దానికే. బ్రెజిల్ కళాకారిణి మరియా తెరెజా అల్వెస్, ఓడల్లో బరువు కోసం నింపిన మట్టితో పాటు వచ్చిన విత్తనాల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2012లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ రేవులో పాత బార్జ్ (సరుకులు మోసే చదును పడవ) మీద అలాంటి మొక్కలతో తోట వేశారు. కృష్ణపట్నం రేవు ఉన్న జిల్లాకు ఇది పరాయి ఆలోచనేం కాదు. పైగా కనిగిరి వైపు నుంచి బెంగళూరు, హైదరాబాద్ పనులకు వెళ్లినవాళ్లు పండక్కి వచ్చినప్పుడు, అక్కడ తాము పెంచుకునే మొక్కల విత్తనాలు తెచ్చి నాటొచ్చు. పూర్తయిన బొమ్మలో వాళ్లకు ఆ చోటు దొరకదు. కాసిన మిరపకాయలు కోసి అక్కడే పులుసు పెట్టి వడ్డించొచ్చు కూడా. డబ్బు ఒకదానికే ఉంటే ముందు తోట వేయండి, రంగులు తర్వాత కొనొచ్చు.