విందుకు ముందు నడకా, తిన్నాక నడకా: రక్తంలో కొవ్వుకు ఏది మేలు?

శ్రావణమాసం ముహూర్తాలు మొదలైతే చాలామంది అడిగేది ఇదే. "పెళ్లి భోజనం ఎలాగూ తప్పదు. ముందురోజే నడిస్తే మంచిదా, తిన్నాక నడిస్తేనా? లేకపోతే ఆ ముందుపూట కాస్త తక్కువ తింటే సరిపోతుందా?" రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) 150 దాటి, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకైతే ముందురోజు సాయంత్రం నడవమంటాను.

తిన్నాక నడకను తక్కువ చేయడం లేదు. షుగరున్నవాళ్లకు భోజనమయ్యాక పది పదిహేను నిమిషాలు నడిచినా మేలే. కొవ్వు సంగతి వేరు. నెయ్యి, నూనె దండిగా పడిన భోజనం తరవాత ట్రైగ్లిజరైడ్లు బాగా పెరగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది, దిగడానికి మరికొన్ని గంటలు. ఆ కొవ్వును రక్తంలోంచి కండరాల్లోకి చేర్చే ఎంజైము లైపోప్రోటీన్ లైపేజ్. నడిచిన వెంటనే అది పుంజుకోదు, కొన్ని గంటలు పట్టాల్సిందే. అందుకే నిన్న సాయంత్రం చెమట పట్టేలా గంటసేపు నడిచినవాళ్లకు ఇవాళ భోజనమయ్యాక కొవ్వు అంతగా ఎగబాకదు.

ఆ కొన్ని గంటలకే ఇంత పట్టింపు ఎందుకంటే, కొవ్వూ చక్కెరా కలిసి పెరిగిన ఆ సమయంలోనే కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ ఎక్కువై రక్తనాళాల లోపలి పొర మీద ఒత్తిడి పడుతుంది. పరగడుపున చేయించే పరీక్షలో ఇదేదీ కనిపించదు.

మరి నడవకుండా తిండి తగ్గిస్తే? 2000లో బ్రిటన్‌లోని లఫ్‌బరో యూనివర్సిటీ పరిశోధకులు దీన్నే పోల్చిచూశారు. ముందురోజు నడిచి కేలరీలు ఖర్చు చేసినప్పుడు, అన్నే కేలరీలు తిండిలో తగ్గించినప్పటికంటే మర్నాటి కొవ్వు బాగా ఎక్కువ తగ్గింది. నా మొగ్గు నడక వైపు ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

అయితే దీనికి రెండు షరతులున్నాయి. నడిచాం కదా అని ఆ కేలరీలు మళ్లీ తినేస్తే ఫలితం చాలావరకు పోతుంది. గంటసేపు వేగంగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250, 300 కేలరీలు. నేతి బొబ్బట్లు రెండు తింటే చాలు, అదంతా తిరిగొచ్చేస్తుంది. రెండోది, ఈ మేలు ఒకటి రెండు రోజులే నిలుస్తుంది. ఆదివారం ఒక్కరోజు గ్రౌండుకెళ్లి రెండు గంటలు ఆడితే గురువారం భోజనానికి అది పనికిరాదు. కనీసం రోజు మార్చి రోజైనా నడవాలి.

"నూనె మానేశాను, అయినా ట్రైగ్లిజరైడ్లు తగ్గట్లేదు" అనేవాళ్లు ఒకసారి కంచంలో అన్నం ఎంతుందో చూసుకోండి. మిగులు పిండిపదార్థాన్ని, తీపిని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. మద్యం సంగతీ అంతే.

ఫ్రీ రాడికల్స్ తగ్గుతాయని విటమిన్ సి, ఇ మాత్రలు వేసుకోవద్దు. వ్యాయామం చేస్తూ వాటిని పెద్ద మోతాదులో వేసుకుంటే, ఇన్సులిన్ పనితీరులో వ్యాయామం వల్ల కలిగే మెరుగుదలకు అవే అడ్డుపడ్డాయని 2009లో ఒక జర్మన్ పరిశోధన చూపింది.

ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎక్కువున్నవాళ్ల లెక్క వేరు. నడకతో అది పెద్దగా తగ్గదు, తిండిలో మార్పులు, అవసరమైతే మందులే దారి. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే పాంక్రియాస్ (క్లోమం) వాచే ప్రమాదముంది, ముందు డాక్టరుకు చూపించుకోండి.