దేవుని కుమారుడు: పదవా, స్వభావమా? ఏ అర్థంతో మొదలుపెడితే మేలు?

బైబిలులో రెండవ కీర్తన చదివినప్పుడల్లా దేవుడు రాజుతో అనే ఒక చిన్న మాట దగ్గర ఆగిపోతాను. "నీవు నా కుమారుడవు, నేడు నిన్ను కనియున్నాను." ఏ రోజు ఆ నేడు?

సంఘంలో పెరిగినవాళ్ళకు దేవుని కుమారుడు అనగానే 325లో సంఘ పెద్దలు కూడిన నైసీయ సభ చెప్పిన అర్థమే ముందు తడుతుంది: సృష్టింపబడక తండ్రి నుంచి జనించినవాడు, తండ్రితో ఏకస్వభావం గలవాడు. ఆ జననానికి ఆరంభం లేదు కాబట్టి, ఆ అర్థంతో చదివితే ఇక్కడి 'నేడు' ఇమడదు. దావీదు వంశపు రాజు సింహాసనమెక్కిన రోజు పాడిన పాటగా చదవండి, చక్కగా సరిపోతుంది. చాలామంది పండితులు దాన్ని అలాగే చదువుతారు.

రెండవ సమూయేలు 7:14 ఇంకా స్పష్టం. దావీదు కొడుకు గురించి దేవుడు "నేను అతనికి తండ్రినై యుందును" అంటాడు. అదే వచనంలో, తప్పు చేస్తే మనుష్యుల దండంతో శిక్షిస్తానని కూడా అంటాడు. తప్పు చేయగలిగిన కొడుకు, దెబ్బలు తినగలిగిన కొడుకు. అంటే ఇక్కడ కుమారత్వం ఒక బంధం, ఒక బాధ్యత. నిర్గమ 4:22లో ఇశ్రాయేలు జనమంతా దేవుని జ్యేష్ఠపుత్రుడే.

తెలుగు బైబిలు చదివే మనకు ఇందులో కొంత కనబడదు. యోబు 1:6లో హెబ్రీ మూలం 'దేవుని కుమారులు' అంటే మన అనువాదకులు 'దేవదూతలు' అని రాశారు. ఎలీషా కథలోని 'ప్రవక్తల శిష్యులు' మూలంలో 'ప్రవక్తల కుమారులు'. తప్పుపట్టడం లేదు, భావం సరిగానే పట్టుకున్నారు. కానీ ఫలానావారి పక్షానికి చెందినవాడని చెప్పడానికి హెబ్రీలో 'కుమారుడు' ఎంత మామూలు మాటో మనకు తెలియకుండా పోయింది.

యేసు కాలానికి దగ్గర్లో కూడా ఈ వాడుక బతికే ఉంది. మృత సముద్రం దగ్గర కుమ్రాను నాలుగో గుహలో దొరికిన ఒక అరామిక్ ముక్కలో ఒకడు దేవుని కుమారుడనీ సర్వోన్నతుని కుమారుడనీ పిలవబడతాడని ఉంది. అతను మెస్సీయా (యూదులు ఎదురుచూసిన అభిషిక్త రాజు, గ్రీకులో 'క్రీస్తు'), లేక శత్రురాజా అన్నది ఇంకా తేలలేదు. అయితే లూకా 1:32, 35లో మరియతో దూత అన్న మాటలు దీని పక్కన పెడితే ఒళ్ళు జలదరిస్తుంది. అక్కడ కూడా వెంటనే వచ్చేది దావీదు సింహాసనమే. మార్కు 14:61లో ప్రధానయాజకుడి ప్రశ్నలోనూ క్రీస్తు, కుమారుడు పక్కపక్కనే ఉంటాయి.

మరి స్వభావం అనే రెండో అర్థం తర్వాత కల్పించిందా? కాదు. యోహాను 17:5లో కుమారుడు లోకం పుట్టకముందు తండ్రి దగ్గర తనకున్న మహిమను అడుగుతాడు. పట్టాభిషేకంతో వచ్చే బిరుదు ఆ ప్రార్థనకు చాలదు. పౌలు పత్రికల్లో రెండూ ఉన్నాయి: గలతీ 4:4లో దేవుడు తన కుమారుని పంపాడు, రోమా 1:4లో పునరుత్థానం వల్ల ఆయన ప్రభావంతో కుమారుడుగా 'నిరూపింపబడెను'. ఆ గ్రీకు మాటకు 'నియమింపబడెను' అన్న అర్థం బలంగా ఉంది.

నన్నడిగితే మొదలు పదవి, బంధం అనే యూదుల అర్థంతోనే పెట్టాలి. కీర్తనలకు, మార్కుకు అదే తాళంచెవి. యోహాను దగ్గరకు వచ్చాక రెండోది తప్పదు, అప్పుడు దాని ఎత్తు కూడా తెలుస్తుంది. తిరగేసి నైసీయతో మొదలుపెడితే రాజు, జనం, దూతలు అందరూ మరుగైపోతారు.

మనమూ మరుగైపోతాం, నాకు అన్నిటికన్నా బాధ అదే. రోమా 8:15 మనం దత్తపుత్రాత్మను పొందామంటుంది, 'అబ్బా తండ్రీ' అని మొరపెడుతున్నామంటుంది. స్వభావం ఒక్కటే అర్థమైతే ఈ ఇంట్లో దత్తులకు చోటెక్కడ? 8:29లో యేసు అనేక సహోదరులలో జ్యేష్ఠుడు. నిర్గమ 4:22 గ్రీకు అనువాదంలో ఇశ్రాయేలుకు వాడిన మాట కూడా అదే.