నెల్లూరు తీరం: బీచ్‌లు, గదులు, పాత లాకు గొడవ

నెల్లూరు జిల్లాలో సముద్రం చూడాలంటే ఎవరైనా ముందు మైపాడు పేరే చెబుతారు. మేమూ ముందు అక్కడికే వెళ్లాం. కానీ ఇంటికొచ్చాక మా ఇంట్లో ఇంకా నడుస్తున్న చర్చ బీచ్‌ల గురించి కాదు, బకింగ్‌హామ్ కాలువ మీద పాడుబడిన ఒక లాకు (పడవల్ని దాటించే నీటి తలుపుల కట్టడం) గురించి. ఉంచాలా, కొట్టేయాలా అని అక్కడ ఒక పాలెం మొత్తం రెండుగా చీలిపోయి ఉంది. అది దారి మధ్యలో తగిలిందే అయినా, చెప్పాల్సింది చాలా ఉంది కాబట్టి చివరికి ఉంచుతాను. ముందు గదులు, తిండి, దారి సంగతి చూద్దాం.

బస నెల్లూరులోనే పెట్టుకోండి. ట్రంకు రోడ్డు మీద, మాగుంట లేఅవుట్ వైపు ఓ మాదిరి ధరకే శుభ్రమైన గదులు దొరుకుతాయి, పొద్దున్నే టిఫినుకి వెతుక్కోనక్కర్లేదు. అలల చప్పుడు వింటూ పడుకోవాలన్న సరదాతో మేం ఒక రాత్రి బీచ్ దగ్గరి కాటేజీ తీసుకున్నాం. అద్దె టౌన్ హోటల్ కంటే తక్కువేం కాదు. ఏసీ నీళ్లు మంచం కాళ్ల దగ్గర కారుతుంటే పనబ్బాయి ఒక బకెట్ తెచ్చి పెట్టి, "పొద్దునకి నిండుద్ది సార్, నేనొచ్చి పారబోస్తా" అన్నాడు. గీజరుకి ఎర్రలైటు వెలుగుతుంది, నీళ్లు మాత్రం వేడెక్కవు. కిటికీ తీస్తే సముద్రం కాదు, కార్లు ఆపే చోటు. ఉప్పుగాలికి ఇనుప సామాను నిలవదు, పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు అని నేను సర్దుకున్నాను. మా ఆవిడ సర్దుకోలేదు. తెల్లారే ఖాళీ చేశాం.

తిండికి లోటు లేదు. హైవే మీద నెల్లూరు చేపల పులుసు అని పెద్ద బోర్డులు పెట్టిన చోట్ల కంటే, మైపాడు రోడ్డులో రేకుల షెడ్డు కింద నడిచే మెస్సులో బాగుంది. పుల్లమామిడి ముక్క వేసిన పులుసు, వంజరం వేపుడు, సన్నబియ్యం అన్నం. పులుసు నిన్నటిదా అని అడిగితే, "నిన్నటిదే సార్, ఇయ్యాల్టిది రేపు పెడతాం" అని ఏ మొహమాటమూ లేకుండా చెప్పాడు. నెల్లూరు వైపు అది గొప్పే.

మైపాడు నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్ల లోపే. ఇసుక బాగుంది, తీరం పొడుగ్గా ఉంటుంది, మామూలు రోజు పొద్దున వెళ్తే ప్రశాంతం. ఆదివారం సాయంత్రం, కార్తీక పౌర్ణమి రోజుల్లో కారు పెట్టుకోవడానికే అరగంట పడుతుంది. అలల లాగుడు ఎక్కువ, పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి. కొత్తకోడూరు నాకు ఇంకా నచ్చింది, సరుగుడు తోటల నీడ ఉంది, జనం తక్కువ. అయితే బట్టలు మార్చుకోవడానికి సరైన చోటు దొరకదు, ఆడవాళ్లతో వెళ్లేవాళ్లు అది దృష్టిలో పెట్టుకోవాలి. కావలి దగ్గర తుమ్మలపెంట గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, ఓ గంట కూర్చుని రావచ్చు. రామాయపట్నం వైపు పోర్టు పనుల లారీలు తిరుగుతుంటాయి, దుమ్ము. వేసవిలో వెళ్తే మాత్రం ఉలవపాడులో ఆగి మామిడికాయలు కొనకుండా రాకండి. ప్రకాశం జిల్లాలో కొత్తపట్నం ఒంగోలుకి దగ్గర కాబట్టి గది ఒంగోల్లో తీసుకుని సాయంత్రానికి వెళ్లి వచ్చేయవచ్చు. పడవల పక్కనే చేపల వేలం చూడొచ్చు, బేరం రాకపోతే అక్కడ కొనబోకండి.

ఇక లాకు. పెన్నకు ఉత్తరాన, కాలువ ఒడ్డున ఒక మత్స్యకార పాలెం. ఊరి పేరు రాయను. ఏ వర్గం మాట ముందు రాసినా రెండో వర్గానికి కోపం వస్తుంది, పైగా మాకు అన్నం పెట్టిన ఇంట్లో అన్నదమ్ములే చెరోవైపు ఉన్నారు. ఈ పాలేల్లో ఇంకా పెద్దకాపుల, అంటే కులపెద్దల, మాట చెల్లుతుంది, దురాయి (వాళ్లు పెట్టే కట్టుబాటు) వేస్తే దాటేవాళ్లుండరు. ఈ ఒక్క విషయంలో మాత్రం పెద్దలు దురాయి వేయడానికే జంకుతున్నారట.

కాలువ తీరానికి సమాంతరంగా పోతుంది. అంటే ఇళ్లు ఒకవైపు, సముద్రం ఇంకోవైపు. ఆ మధ్యలో ఉంది ఈ లాకు. రెండు పక్కలా గానుగ సున్నంతో కట్టిన గోడలు, నడుమ పడవ పట్టేంత తొట్టి. చెక్క తలుపులు ఎప్పుడో పోయాయి. తలుపు తెరిచినప్పుడు ఒదిగి నిలబడటానికి గోడలో వదిలిన గూడు మాత్రం ఉంది, దాని కింద ఇనుప బందు తుప్పుపట్టి పొరలు పొరలుగా లేస్తోంది. నీటి మట్టం దగ్గర గోడంతా ఆలిచిప్పలు. పైన అంచు రాళ్ల మీద వేలు పట్టేంత లోతు గాళ్లు పడి ఉన్నాయి. పడవల తాళ్లు ఏళ్ల తరబడి రాసుకుని పడ్డ గాళ్లు అవి. మా చిన్నోడు ఒక్కో గాడిలో వేలు పెట్టుకుంటూ గోడ ఈ చివర నుంచి ఆ చివరకి పోయాడు.

అక్కడ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మమ్మల్ని చూసి, "ఏంది సామీ, మీరు గూడా ఫోటోలకేనా?" అన్నాడు. కూర్చోబెట్టి ఆయనే లాకు పనితీరు చెప్పాడు. కాలువ దారిలో నదులు అడ్డం వస్తాయి. వరదొస్తే నది నీళ్లు, ఇసుక కాలువలోకి తోసుకొస్తాయి. అందుకని నదికి అటూ ఇటూ లాకులు కట్టారు. పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపు మూసి, తూములు ఎత్తి లోపలి మట్టం బయటి మట్టానికి సమానం చేసి, ముందు తలుపు తీస్తారు. ఉప్పు, సరుగుడు కట్టెలు, బియ్యం మద్రాసుకి ఇలాగే పోయేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని లాగేవాళ్లు. "మా నాయన లాగినాడు. నేను ఆ తాడు మీద కూచోని ఊగినాను" అన్నాడు.

కాలువ మొదట 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా ఒక వ్యాపారి తవ్వించిన ఉప్పునీటి కాలువ. తర్వాత దాన్ని ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి పెంచుకుంటూ దుగరాజపట్నం, కృష్ణపట్నం దాటించి పెద్దగంజాం దాకా తెచ్చారు. అక్కడ కొమ్మమూరు కాలువతో కలిసి కృష్ణా డెల్టాకి దారి పడింది. 1876-78 ధాత కరువులో మద్రాసులో అడయారు, కూవం నదుల్ని కలిపే ముక్కని కరువు పనిగా తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరే కాలువకి మిగిలింది, తవ్విన కూలీల పేర్లు ఎక్కడా లేవు. మొత్తం పొడుగు 420 కిలోమీటర్ల చిల్లర, అందులో సగం కంటే ఎక్కువ మన రాష్ట్రంలోదే. రోడ్లు, రైళ్లు వచ్చాక సరుకు తగ్గింది. 1965, 1966 తుపానులు మిగిలినదాన్ని దెబ్బతీశాయి. పెద్దాయన లెక్కలో ఆ తుపానులతోనే లాకుకి పని పోయింది.

కొట్టేయాలనేవాళ్లలో ముందున్నది రొయ్యల చెరువుల రైతులు. వాళ్ల మాటలోనూ న్యాయముంది. లాకు దగ్గర కాలువ సన్నబడి, తుపాను వానలకి నీళ్లు లాగవు. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సీసాలు, తెగిన వలలు అన్నీ అక్కడే తట్టుకుంటాయి. చెరువు గట్టు తెగితే పంట మొత్తం పోయినట్టే, అప్పు తీర్చడానికి లాకు గోడ రాదు కదా అని ఒకాయన అడిగాడు. గోడ రాళ్లు కూడా కదులుతున్నాయి, కింద పడితే దెబ్బలు తప్పవు.

ఉంచాలనేవాళ్లలో రిటైరైన మాస్టారు ఒకరు, ఆయన వెనక రీల్స్ తీసే కుర్రాళ్లు. మాస్టారు 2004 సునామీ మాట ఎత్తాడు. ఆ డిసెంబరు 26న అల ఇసుక దిబ్బలు దాటి కాలువలో పడింది, తీరం పొడుగునా ఎన్నో ఊళ్లను ఆ కాలువే కాచింది. నిజమే. అయితే కాచింది కాలువ, లాకు కాదు. రొయ్యల రైతులు కూడా అదే మాట అందుకుని, అందుకే కాలువ వెడల్పు చేయమంటున్నాం అన్నారు. మాస్టారి దగ్గర దానికి జవాబు లేదు. 2008లో కాలువని జాతీయ జలమార్గం-4లో కలిపారు కదా, పడవలొస్తే లాకు కావాలి కదా అని కుర్రాళ్లు. పడవలే వస్తే కొత్త లాకు కట్టాలి, తలుపుల్లేని ఈ తొట్టి ఎందుకు పనికొస్తుంది?

టౌన్ నుంచి వచ్చిన ఒకాయన దీన్ని రక్షిత కట్టడం చేయించాలని అర్జీ పట్టుకుని తిరుగుతున్నాడట. ఆ మాట వినగానే కాలువ గట్టు మీద ఇళ్లున్నవాళ్లకి టెన్షన్ పట్టుకుంది. ఊరికే కాదు. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటిస్తే పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్లలో అనుమతి లేకుండా కట్టకూడదు. ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా ఆఫీసుల చుట్టూ తిరగాలి. పాలెంలో సగం ఇళ్లు ఆ గీతలోకే వస్తాయి.

ఈ వాదనంతా జరుగుతుండగానే అసలు సంగతి మా ముందు నుంచే నడిచిపోయింది. ఒకప్పుడు తలుపులుండే చోట రెండు గోడల మీదుగా రెండు తాటి దూలాలు, ఒక పాత కరెంటు స్తంభం వేసుకున్నారు. సముద్రం ఒడ్డున పడవలు ఆగగానే ఆడవాళ్లు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని దాని మీదుగానే దాటుతారు. గంప నుంచి కారిన నీళ్లకి స్తంభం నున్నగా, జారుడుగా ఉంది. వాళ్లు కింద చూడరు, పాదమే దారి వెతుక్కుంటుంది. వంతెన మీదుగా పోవాలంటే బాగా చుట్టు. ఆటో కిరాయి ఇస్తే ఆ రోజు లాభంలో మిగిలేదేం ఉండదు.

ఒకామెని అడిగాను, ఉంచాలా కొట్టేయాలా అని. గంప దించకుండానే, "కొట్టేస్తే నన్నెవురు దాటిస్తారయ్యా? బొమ్మ మాదిరి చుట్టూ కంచె కట్టి పెడితే మాత్రం, కంచె దూకమంటారా?" అని వెళ్లిపోయింది. ఊళ్లో నేను విన్నవాటిలో రెండు పక్షాలకీ కలిపి సమాధానం చెప్పింది ఆవిడొక్కతే.

నా ఉద్దేశం కూడా ఆమె మాట దగ్గర మొదలవుతుంది. ముందు పక్కనే ఒక కాలినడక వంతెన వేయాలి, చేతిపట్టు ఉన్నది, గంపతో ఇద్దరు ఎదురెదురుగా పోగలిగినంత వెడల్పుది. అది పడ్డాక లాకు గురించి ఎంతకాలమైనా తగువులాడుకోవచ్చు. వెడల్పు కోసం ఒక గోడ తీసి ఒకటి ఉంచుతారా, రాళ్లకి నంబర్లు వేసి గట్టు మీద మళ్లీ పేరుస్తారా, అది ఇంజినీర్లు చూసుకుంటారు. ఇప్పుడు జరుగుతున్నది మాత్రం ఏ నిర్ణయమూ కాదు, ఉప్పునీళ్లు తమ పని తాము చేసుకుపోతున్నాయి. పుదుచ్చేరిలో పాత పైరు (సముద్రంలోకి కట్టిన రేవు వంతెన) అలాగే చూస్తుండగా 2022 మార్చిలో కొంత కూలింది. తిరువనంతపురం దగ్గర వలియతుర పైరు 1956లో కట్టింది, 2024లో రెండు ముక్కలైంది. అవి రెండూ పెద్ద ఊళ్లు, పేపర్లలో ఫోటోలొచ్చాయి. ఇక్కడ కూలితే జిల్లా పేజీలో కూడా రాదు, తెల్లారి గంపలు దాటడం మాత్రం ఆగిపోతుంది.

మీరు ఆ వైపు వెళ్లి, ఏదో పాలెంలో లాకుల కాడికి దారి అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఎక్కడెక్కడ ఇలాంటివి మిగిలాయో వాళ్లకే తెలుసు. కారు తారురోడ్డు మీదే వదిలేయండి, గట్టు మీద తిప్పుకోవడానికి చోటుండదు. నీళ్లు, టోపీ తీసుకెళ్లండి, టీ బంకు తప్ప ఏమీ దొరకవు. ఫోటోలు పొద్దెక్కాక తీసుకోండి. పడవలొచ్చే వేళకి గోడ మీద నిలబడి రీల్స్ తీయకండి. గంపతో మనిషి ఎదురొస్తే దూలం మీద పక్కకి తప్పుకునే వీలుండదు, వెనక్కి నడవాల్సింది మీరే.