పదకొండు నెలల బంగారం స్కీము: ఆగగలిగితేనే లాభం

జమైన బంగారం బరువుకే నగ తీసుకుని ఆగేవాళ్లకైతే ఈ స్కీముకు 5కు 4 మార్కులు. పెళ్లి హారం కోసం చేరేవాళ్లకు 2.

హన్మకొండ చౌరస్తా అయినా, వరంగల్ జేపీఎన్ రోడ్డయినా నగల షాపుల్లో స్కీము తీరు దాదాపు ఒకటే. నెలనెలా 11 వాయిదాలు కట్టి, ఆపై నగ తీసుకోవాలి. వస్తువు కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లో సర్దాలని కంపెనీల నిబంధనలు చెబుతాయి, అందుకే 11 దగ్గర ఆపుతారు.

చేరేముందు ఒకటి అడగండి: జమ రూపాయల్లోనా, గ్రాముల్లోనా? గ్రాముల్లో అయితే ఏ నెల ధరకు ఆ నెల బంగారం రాస్తారు. ధర పెరిగే ఏడాదిలో ఇదే మేలు.

అసలు ఎర తరుగు (నగ తయారీ పేరుతో వేసే అదనపు బరువు) మాఫీ. అది సాధారణంగా జమైన బరువుకే, అదీ షాపు పెట్టిన పరిమితి దాకే. నెలకు 10 వేలు కట్టి, గ్రాము 10 వేలే ఉందనుకుందాం. చేతికి 11 గ్రాములు. అంత బరువు గొలుసు తీసుకుంటే పైన 3 శాతం జీఎస్టీతో సరిపోతుంది. కానీ కౌంటర్ దగ్గర "ఎన్ని తులాలు పెట్టిన్రు?" అని అడగబోయే చుట్టాలు గుర్తొస్తారు. ట్రే మారుతుంది, నాలుగు తులాల నక్షీ హారం మెడలోకొస్తుంది. మిగతా 29 గ్రాములకు డబ్బు ఎట్లాగూ పెట్టాలి. దానిమీద 18 శాతం తరుగంటే 5.22 గ్రాములు, అంటే 52,200 రూపాయలు. దానికీ జీఎస్టీ. రేపు అమ్మబోతే ఇందులో పైసా తిరిగి రాదు. చుట్టాల ఒక్క ప్రశ్నకు అర లక్ష!

మండపంలో నిండుగా కనబడటమే కావాలంటే వన్ గ్రామ్ గోల్డ్ సెట్టు అద్దెకు తెచ్చుకోండి, వీడియోలో ఎవరికీ తెల్వదు.

నగ కొనేటప్పుడు రాళ్లు, పూసల బరువు తీసేసి నికర బరువుకే బంగారం ధర వేయించండి. బిల్లులో రాళ్ల బరువు, నికర బరువు విడివిడిగా ఉండాలి. బీఐఎస్ హాల్‌మార్క్ ముద్ర, 22కె916 (22 క్యారెట్ల గుర్తు), ఆరు అంకెలు-అక్షరాల హెచ్‌యూఐడీ (ఆ నగ గుర్తింపు కోడ్) చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోండి. నక్షీకి తరుగు ఎక్కువ, మెషిన్ గొలుసుకు తక్కువ.

వాయిదా తప్పితే కొన్నిచోట్ల మాఫీ పోతుంది, అది కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. చిట్టీ కూడా కట్టే ఇల్లయితే వాయిదా చిన్నదే పెట్టుకోండి. బ్యాంకు డిపాజిట్‌కు ఉన్నట్టు ఈ డబ్బుకు బీమా ఉండదు.