గయలో నాన్నగారి చేతిరాత

గయ స్టేషనులో దిగగానే ఎవరైనా తెలుగులో పలకరిస్తే సంబరపడకండి. "గోదావరి జిల్లాల వారా అమ్మా? రండి, మన సత్రమే" అన్న ఒక్క మాటకు మా అమ్మ కరిగిపోయింది. ఆ కరగడానికి మాకు పట్టిన ఖర్చంతా పైసాతో సహా రాసిపెట్టుకున్నాను. ఇది నాన్నగారి నుంచి వచ్చిన జబ్బు.

ఆయన అమలాపురం డిపోలో కండక్టరుగా పనిచేశారు. డ్యూటీ సంచిలో డబ్బు, సొంత డబ్బు ఒక్కనాడూ కలవనిచ్చేవారు కాదు. కార్తికమాసంలో తెల్లవారుజామున గోదావరిలో మునిగి, తడి జుట్టుతోనే మొదటి బస్సు ఎక్కేవారు. సెలవు దొరికిన శనివారం వాడపల్లి వెంకన్న దగ్గరకు వెళ్లవలసిందే. అప్పట్లో అక్కడ ఇప్పుడున్నంత జనం ఉండేవారు కాదు. 1994లో మా బామ్మను తీసుకుని గయకు వెళ్లి తాతగారికి పిండాలు పెట్టి వచ్చారు. నాకు టైఫాయిడ్ రావడంతో అమ్మ ఇంట్లో ఉండిపోయింది. "మళ్లీ నిన్ను తీసుకెళతాను" అని అమ్మకు ఇచ్చిన మాట అక్క పెళ్లికి, నా చదువుకు, ఆ తర్వాత మనవల ఫీజులకు వాయిదా పడుతూ వచ్చింది. ఆయన సంవత్సరీకాలు అయ్యాక, ఈ మాఘమాసంలో మేమే అమ్మను తీసుకెళ్లాం: నేను, అక్క, మా పదేళ్లవాడు.

కాశీలో మూడు రోజులూ ఏ లోటూ లేకుండా గడిచాయి. మానసరోవర్ ఘాట్ దగ్గర ఆంధ్రాశ్రమంలో చారు అన్నం తిని అమ్మ ప్రాణం లేచివచ్చిందన్నది. కాశీ గురించి ఇంతకంటే చెప్పను. అందరూ చెబుతూనే ఉన్నారు.

గయలో ఆ తెలుగు మనిషి ఎక్కించిన ఆటోకు 200 ఇచ్చాం. పక్కనే జనం తలా ముప్పై ఇచ్చి దిగడం తర్వాత చూశాం. గది 1,200 అన్నాడు. పెట్టెలు మూడో అంతస్తుకు చేరాక అది కాస్తా మంచానికి 600 అయింది. మూడు మంచాలు, 1,800. దుప్పటికి 50, వేడినీళ్ల బకెట్టుకు 40. తలుపుకు గడియ లేదు. అక్క బల్ల లాగి అడ్డం పెట్టి, దాని మీద పెట్టెలు పేర్చి, రాత్రంతా దానివైపే చూస్తూ పడుకుంది. మీరు వెళితే గది ముందుగా తెలిసినవారి ద్వారా మాట్లాడుకోండి. అద్దె గదికా, మంచానికా, మనిషికా అని అడగండి. నవ్వుతారు, అయినా అడగండి.

కర్మ చేయించిన పురోహితుడి మీద మాత్రం నాకు ఫిర్యాదు లేదు. ప్రతి మంత్రానికీ అర్థం చెప్పారు. ఫల్గుణిలో ఇసుక తవ్వి చెలమలో నీళ్లు తోడుకున్నామని నాన్నగారు చెప్పేవారు. సీతమ్మ శాపం వల్ల ఆ నది ఇసుక కిందే పారుతుందంటారు. 2022లో రబ్బరు ఆనకట్ట కట్టాక ఘాట్ల ముందు నీళ్లు నిలుస్తున్నాయి. చెలమ తవ్వుదామని వచ్చిన మావాడు నిరాశపడ్డాడు. విష్ణుపాదం దగ్గర, వంశంలో లేని ఆత్మీయులకు కూడా పిండం పెట్టవచ్చు, పేర్లు చెప్పమన్నారు. నాన్నగారితో ఇరవై ఏళ్లు ఒకే రూటులో తిరిగిన డ్రైవరు బాబాయి పేరు చెప్పాను. ఆయన గోత్రం మాకెవరికీ తెలియదు. అయినా ఫరవాలేదన్నారు.

అక్క ముఖం మాత్రం ఉదయం నుంచీ ముడుచుకునే ఉంది. మూడేళ్లపాటు వారానికి రెండుసార్లు నాన్నగారిని డయాలసిస్‌కు తీసుకెళ్లింది తనే. ఇక్కడేమో దర్భలు నాకు, దూరంగా చాప తనకు. నేనేదో సర్దిచెప్పబోతే "నువ్వు ముద్దలు కట్టుకో" అన్నది.

అసలు బేరం అక్షయవటం దగ్గర మొదలైంది. అంతా అయ్యాక గయావళి పండా, అంటే గయలో వంశపారంపర్యంగా ఉండే తీర్థ పురోహితుడు, కర్మ ఫలించిందని "సుఫలం" అనాలి. ఆ మాట అనడానికి ఆయన 5,100 అడిగాడు. ఈ విష్ణుపాద మందిరాన్ని 1787లో కట్టించిన హోల్కర్ రాణి అహల్యాబాయి ఎన్ని సుఫలాలకు ఎంత ఇచ్చిందో గాని, నేను 501 దగ్గర మొదలుపెట్టాను. పండా కళ్లు మూసుకున్నాడు. నాన్నగారైతే చిల్లర లేదని టికెట్టు వెనక బాకీ రాసి ఇచ్చేవారు. అమ్మ కంగారు చూడలేక 1,500 ఇచ్చాను. ఈ సంగతి ముందే మాట్లాడుకోండి, చెట్టు కిందకు వెళ్లాక మాట్లాడే శక్తి ఉండదు.

ఆ చెట్టు కిందే ఒక కాయ, ఒక పండు వదలాలి. చాలామంది తమకు గిట్టని కాకరకాయను వదిలేసి వస్తారు. నాన్నగారు వదిలింది మామిడిపండు. బంగినపల్లి అంటే ప్రాణం పెట్టే మనిషి. ఆ తర్వాత ముప్పై వేసవులు మాకూ మనవలకూ ముక్కలు కోసి పెడుతూ, టెంక కూడా నోట పెట్టకుండా చేతులు కడుక్కునేవారు. నేను కాకరకాయ, పనసపండు అన్నాను. అమ్మ నా వైపు చూసి తల తిప్పుకున్నది.

మధ్యాహ్నం నాన్నగారి సంతకం వెతుకుదామని అమ్మ పట్టుబట్టింది. పండాల దగ్గర వచ్చినవారి వంశాలు రాసే పొడవాటి ఖాతా పుస్తకాలుంటాయి. సందులోపల ఒక ముసలి లేఖకుడు జిల్లా, తాలూకా, ఊరు, ఇంటిపేరు అడిగి, ఎర్ర గుడ్డ మూటలు విప్పుతూ పోయాడు. నలభై నిమిషాలు పట్టింది. ముందుగా డబ్బు అడగలేదు, చివర 300 చాలన్నాడు. ఈ యాత్రలో నేను సంతోషంగా ఇచ్చిన డబ్బు అదొక్కటే.

నీలం సిరా. ట్రిప్ షీటు నింపినట్టు నిటారుగా నిలబడిన అక్షరాలు. ముత్తాతగారి పేరు, తాతగారి పేరు, నాన్నగారి పేరు. కింద "నా సంతానం" అని అక్క పేరు, ఆ తర్వాత నా పేరు. చాలామంది మగపిల్లల పేర్లే రాసి వెళతారని లేఖకుడు హిందీలో అన్నాడు. అక్క ఆ వరుస మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. అమ్మ కళ్లజోడు మావాడికి ఇచ్చి తుడవమన్నది.

పేజీ అంచున చిన్నగా ఇంకో ముక్క ఉంది: "స్టేషను నుంచి రిక్షా 8 రూ."

ఈసారి వివరాలు రాయమని లేఖకుడు పెన్ను నాకు అందించబోతే అక్క తీసుకున్నది. తన పేరు, నా పేరు, తన ఇద్దరు కూతుళ్లు, మావాడు, అందరినీ వయసు వరుసలో రాసింది. లేఖకుడికి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది గాని, అంచున కూడా ఒక ముక్క చేర్చింది: "ఆటో 200 రూ. మోసం."