బండి మరమ్మతుల లెక్క: మూడేళ్లు పుస్తకంలో, ఆపైన ఫోనులో

పలాస నుంచి విశాఖపట్నానికి జీడిపప్పు డబ్బాలు చేరవేసే మా పికప్ వ్యాన్‌కు, 2015లో కొన్ననాటి నుంచి మరమ్మతుల లెక్క రాస్తున్నాను. మొదట అట్ట పుస్తకంలో రాసేవాణ్ణి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు షెడ్డు రేకులు ఎగిరిపోయి పుస్తకం నానిపోయింది. బాల్‌పెన్నుతో రాసిన పేజీలు ఎండబెట్టాక చదవడానికి వీలయ్యాయి గాని, సిరా పెన్నుతో రాసినవి నీలి మరకలుగా మిగిలాయి. దక్కిన వివరాలన్నీ ఫోనులో పట్టికగా ఎక్కించాను.

ఆ పట్టిక చేసిన మేలు చిన్నది కాదు. వెనుక బ్రేక్ లైనర్ల వరుసలను మాత్రమే విడదీసి చూసినప్పుడు, కుడివైపువి దాదాపు 35,000 కిలోమీటర్లు వస్తుంటే, ఎడమవైపువి మూడుసార్లూ 20,000 దాటక ముందే అరిగిపోయాయని తెలిసింది. మేస్త్రికి చెబితే చక్రం పైకెత్తించి చేత్తో తిప్పి చూశాడు, బిగుతుగా తిరిగింది. ఉప్పుగాలికి హ్యాండ్‌బ్రేక్ కేబుల్ లోపల తుప్పు పట్టి, లివర్ దించినా బ్రేకు పూర్తిగా వదలడం లేదు. కేబుల్ మార్చాక రెండువైపులా సమంగా అరుగుతున్నాయి. మొదటి రెండుసార్ల వివరాలు పుస్తకంలోనూ ఉన్నాయి. ఎక్కడో ఇరవై పేజీల ఎడంలో ఉండడంతో నా కంటికి ఆనలేదు.

బిల్లుల విషయంలోనూ ఫోనుదే పైచేయి. డ్యాష్‌బోర్డులో ఉంచిన బ్యాటరీ బిల్లు ఎండవేడికి అచ్చు మాసిపోయి, గడువులోపే వారంటీ పోగొట్టుకున్నాను.

అయితే నన్ను ఇప్పటికీ కలవరపెట్టే లోపం ఒకటుంది. ఆయిల్ మార్చిన కిలోమీటర్ల అంకెను మా తమ్ముడు పొరపాటున చెరిపి వేరొకటి కొట్టాడు; పాత అంకె ఎంతో తేల్చుకోలేక ఆయిల్ ముందుగానే మార్పించాను. కాగితం మీదైతే కొట్టివేత కింద పాత అంకె కనిపిస్తుంది, చేవ్రాత ఎవరిదో తెలుస్తుంది. విమాన ఇంజిన్‌లో ఆయుష్షు నిర్ణయించిన భాగాలకు, తయారైన నాటి నుంచి ఎంత వాడారో చూపే పత్రాలు లేకపోతే, భాగం చూడటానికి ఎంత బాగున్నా బిగించరు. అక్కడ ఎలక్ట్రానిక్ రికార్డు వాడినా, సంతకం ఎవరిదో, దిద్దినది ఎవరో తెలిసేలా ఉంచుతారు. నా పట్టికలో ఆ కట్టుదిట్టం లేదు.

అందుకే పుస్తకాన్ని మళ్లీ బండిలోకి తెచ్చాను. గ్రీజు చేతులతో మేస్త్రి ఫోను ముట్టడు గాని, దారంతో కట్టిన బాల్‌పెన్ను తీసుకుని పని, కిలోమీటర్లు రాసి సంతకం చేస్తాడు. ఆ రాత్రే పేజీని ఫొటో తీసి, అంకెలు పట్టికలోకి ఎక్కిస్తున్నాను.