రేస్ కారులో 0.7 ఓమ్ కాయిల్: వేడెక్కితే ముందు వైరింగ్ చూడండి

ఎంఎస్‌డీ బ్లాస్టర్ 2 ఇగ్నిషన్ కాయిల్‌ని (ప్లగ్‌లలో స్పార్క్ కోసం హై వోల్టేజీ పుట్టించేది), డిస్ట్రిబ్యూటర్ (ఆ వోల్టేజీని సిలిండర్లకి వంతుల వారీగా పంచేది) ఉన్న నాలుగు సిలిండర్ల రేస్ కారులో రెండు రకాలుగా చాలాకాలం వాడాక రాస్తున్నాను. మొదట పాయింట్లు (కాయిల్ కరెంటుని కలిపి విడదీసే మెకానికల్ స్విచ్), బాలస్ట్ రెసిస్టర్‌తో (ఆ కరెంటుని తగ్గించేది). తర్వాత ఎంఎస్‌డీ 6ఏఎల్ సీడీ బాక్స్‌తో (కెపాసిటర్‌తో కాయిల్‌ని నడిపే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బాక్స్). కాయిల్ మంచిదే, బాక్స్‌తో అయితే ఇంకా బాగుంటుంది. కానీ దీన్ని ఎలా పడితే అలా కలిపితే మాత్రం కాలిపోతుంది.

దీని ప్రైమరీ (బ్యాటరీ కరెంటు పారే రాగి వైండింగ్, అంటే తీగ చుట్ట) రెసిస్టెన్స్ 0.7 ఓమ్. పాయింట్ల సిస్టమ్‌లో దీనికి 0.8 ఓమ్ బాలస్ట్ తప్పనిసరి. బాలస్ట్ తీసేసి, ఇంజన్ ఆపి, పాయింట్లు మూసుకున్న స్థితిలో కీ ఆన్‌లో వదిలేశారనుకోండి. బ్యాటరీ 12.5 వోల్టులైతే లెక్క ప్రకారం దాదాపు 18 ఆంపియర్లు లాగుతుంది. అంటే 220 వాట్ల వేడి ఆ చిన్న డబ్బాలోనే పుడుతుంది. బాలస్ట్ ఉంటే కరెంటు 8 ఆంపియర్ల చిల్లరకు దిగి, కాయిల్‌లో 50 వాట్లే మిగులుతాయి. మిగతా వేడిని బాలస్ట్ మోస్తుంది. అందుకే బాలస్ట్‌ని ప్లాస్టిక్‌కి, వైర్ల కట్టకి దూరంగా రేకు మీద బిగించాలి. పిట్‌లో ఫ్యూయల్ పంపు చూడ్డానికో, గేజ్‌లు చూడ్డానికో కీ ఆన్‌లో ఉంచడం చాలామందికి అలవాటు. ఇగ్నిషన్‌కి వేరే స్విచ్ పెట్టుకుంటే ఆ గొడవే ఉండదు.

సీడీ బాక్స్‌తో లెక్క మారుతుంది. బాక్స్‌లోని కెపాసిటర్ 500 వోల్టులకు పైగా ఒక్క దెబ్బలో కాయిల్‌లోకి వదులుతుంది. కరెంటు పారే సమయం చాలా తక్కువ కాబట్టి కాయిల్ చల్లగానే ఉంటుంది. బాక్స్ నుంచి వచ్చే ఆరెంజ్ వైరు కాయిల్ ప్లస్‌కి, బ్లాక్ వైరు మైనస్‌కి వెళ్లాలి. ఈ రెండు టెర్మినళ్ల మీద ఇంకే వైరూ ఉండకూడదు, మధ్యలో బాలస్ట్ కూడా వద్దు. ఆర్‌పీఎం చూపే టాకోమీటర్‌కి కనెక్షన్ బాక్స్ మీదున్న టాక్ టెర్మినల్ నుంచే తీసుకోండి. కాయిల్ టెర్మినళ్ల మీద టెస్ట్ ల్యాంప్ పెట్టొద్దు, చెయ్యి అసలే పెట్టొద్దు.

ఈసీయూతో (ఇంజన్ కంప్యూటర్‌తో) కాయిల్ నడిపేవాళ్లు డ్వెల్ (ఒక్కో స్పార్క్‌కి ముందు కాయిల్‌లో కరెంటు పారే సమయం) చూసుకోవాలి. 7000 ఆర్‌పీఎంలో నాలుగు సిలిండర్లకి ఒకే కాయిల్ అయితే స్పార్క్‌కి స్పార్క్‌కి మధ్య 4.3 మిల్లీసెకన్లే. డ్వెల్ 4 మిల్లీసెకన్లు పెడితే స్పార్క్ మండడానికి సమయం మిగలదు, కాయిల్‌కి ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు.

వేడికి మిస్ కొట్టడానికి కారణం రాగి గుణమే. 20 డిగ్రీల దగ్గర 0.7 ఓమ్ ఉన్న వైండింగ్ 100 డిగ్రీలకి 0.9 దాటుతుంది. కరెంటు తగ్గుతుంది, స్పార్క్ పలచబడుతుంది. ఇంజన్ ఆపి చల్లారనిస్తే మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతుంది. దీన్ని పెట్రోల్ లైన్‌లో ఆవిరి పట్టడం అనుకుని పంపులు మార్చేవాళ్లున్నారు. టాకో ముల్లు ఒక్కసారిగా పడి లేస్తుంటే ప్రైమరీ వైపు అనుమానించండి. పెట్రోల్ అందకపోతే శక్తి మెల్లగా సన్నగిల్లుతుంది.

కొలిచేటప్పుడు రెండు చిక్కులు. మీటర్ లీడ్లకే 0.2 ఓమ్ దాకా ఉంటుంది. ముందు వాటి మొనలు కలిపి చూసి, వచ్చిన అంకెని తీసేయండి. లేకపోతే బాగున్న కాయిల్‌ని పారేస్తారు. ఇక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే రేకు మీద తక్కువ చూపిస్తుంది. డబ్బాకి నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి దాని మీద గురిపెట్టండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉన్నంత మాత్రాన కాయిల్ పోయినట్టు కాదు.

బాక్స్‌తో కూడా వేడెక్కుతుంటే బయటి వేడి చూడాలి: ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కన బిగించారా, రేడియేటర్ గాలి నేరుగా తగులుతోందా? తర్వాత తెగిన హెచ్‌టీ లీడ్ (హై వోల్టేజీని మోసే మందపాటి వైరు), అరిగి గ్యాప్ పెరిగిన ప్లగ్ చూడాలి. స్పార్క్‌కి దారి దొరక్కపోతే అది కాయిల్ లోపలే ఇన్సులేషన్‌ని చీల్చుకుంటుంది. ఆ దెబ్బ తిన్న కాయిల్ చల్లారినా బాగుపడదు.

నూనె డబ్బా కాయిల్ కాబట్టి టవర్ (హెచ్‌టీ లీడ్ దిగే మూతి) పైకి ఉండేలా నిలువుగా బిగించండి. అడ్డంగా పడుకోబెడితే నూనె పైన ఉన్న ఖాళీలోకి వైండింగ్ కొంత బయటపడి, అక్కడ వేడి బయటికి పోదు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై లాంటి నున్నటి ట్రాక్‌కి ఇది సరిపోతుంది. ర్యాలీకి, గట్టి సస్పెన్షన్‌తో అదిరే కారుకి మాత్రం ఎపాక్సీ నింపిన కాయిల్ కొనమంటాను. కారడానికి అందులో నూనె ఉండదు, ఎటైనా బిగించొచ్చు. పాయింట్లతో నడిపేవాళ్లు స్పేర్ కాయిల్‌తో పాటు స్పేర్ బాలస్ట్ కూడా టూల్‌బాక్స్‌లో పెట్టుకోండి.